సామాన్ల గది తలుపు

పులియాంతోపు గ్రౌండులో గడ్డి లేదు.
ఉన్నదల్లా బూడిదరంగు దుమ్ము,
వాన పడితే నాలుగు రోజులు మడుగు,
మూలన రేకుల గది.
దాని చెక్క తలుపు మీద పన్నెండేళ్ల పెన్సిలు గీతలు.

ప్రతి జూన్ మొదటి ఆదివారం
బూట్లు విప్పించి, మడమలు ఆనించి నిలబెడతాను.
నెత్తి మీద స్కేలు. ఒక గీత. ఒక పేరు.
జుట్టు పైకి దువ్వుకొచ్చినవాడి జుట్టు నొక్కేస్తాను.
మునివేళ్ల మీద లేచేవాడి పాదం మీద
నా చెప్పుకాలు మెల్లిగా పెడతాను.

"ఇదేమైనా పోలీసు సెలక్షనా?" అంటారు సెక్రటరీ గారు.
కాదండీ.
ఎవడు ఎత్తున్నాడో చూడ్డానికి కాదు,
ఎవడింకా పెరగాలో మర్చిపోకుండా ఉండడానికి.

ఇళంగో గీత చూడండి.
పదకొండేళ్లకే నా గడ్డం దగ్గరికొచ్చాడు.
పెదవి మీద నూగు, గొంతులో బొంగురు.
బంతి వాడి ముందుకి తన్నండి చాలు, అన్నాను మిగతా పదిమందితో.
అదే నా కోచింగు.
వాడు పరిగెత్తేవాడు, వెనక పిల్లలు దుమ్ము తినేవాళ్లు.
మూడేళ్లు, మూడు కప్పులు.
బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి,
ఒకదాంట్లో బల్లి గుడ్లు పెట్టింది.

పద్నాలుగో ఏట వాడి గీత ఆగింది.
తక్కినవాళ్లవి ఆగలేదు.
ఒక్కొక్కడే వచ్చి వాడి భుజానికి భుజం తాకించాడు,
మరుసటేడు దాటిపోయాడు.
ఎడమకాలు నేర్పలేదు వాడికి, అవసరం రాలేదు.
తలెత్తి చూడ్డం నేర్పలేదు, ముందెవరూ ఉండేవాళ్లు కాదు.
ఓడిపోవడమూ నేర్పలేదు.
పదహారుకి మానేశాడు.
ఇప్పుడు చిన్న లారీలో నీళ్ల క్యాన్లు వేస్తాడు.
నన్ను చూస్తే హారన్ కొట్టి "సార్!" అని నవ్వుతాడు.
ఆ నవ్వులో నా మీద ఒక్క ఫిర్యాదూ లేదు.
ఉంటే బాగుండేది.

అప్పట్నించి పన్నెండేళ్ల లోపు వాళ్లకి స్కోరు రాయను.
గోలీని నెలనెలా మారుస్తాను.
బక్కవాడూ బలిసినవాడూ సగం సగం ఆడాల్సిందే.
"ఎంతకెంత?" అని గేటు దగ్గర తండ్రులు అడిగితే
"రోజలిన్ ఇవాళ ఎడమకాలితో మూడు పాసులిచ్చింది" అంటాను.
ఎండ దెబ్బ తగిలినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

యోబు వాళ్లమ్మ కరుణమ్మ
కార్పొరేషన్ చీపురు గేటుకి ఆనించి
ప్రతి ఏడూ ఒకటే అడుగుతుంది, మా ఇళ్లలోని నెల్లూరు మాటలో:
"మావోడిలో ఉండాదా, అయ్యా?"
తెలీదమ్మా.
పన్నెండేళ్లవాడిలో ఏముందో చెప్పేవాడు
అబద్ధమైనా ఆడుతుండాలి,
అడ్మిషన్లైనా అమ్ముతుండాలి.
"ఇంకో ఆరేళ్లు పంపించు" అంటాను.
ఆరేళ్లా! అని నవ్వుతుంది,
అద్దె నెలనెలా కట్టే మనిషి.

ఈ మే నెలలో, నేను జ్వరంతో పడి ఉంటే,
తలుపుకి నీలం రంగు వేయించారు సెక్రటరీ గారు.
టోర్నమెంటుకి పెద్దవాళ్లు వస్తున్నారట.
పన్నెండేళ్ల మీద రెండు పూతలు.

దాని ముందు నిలబడి చెయ్యి గాల్లో పెట్టాను.
ఇనియన్, నా బొడ్డుకి.
రోజలిన్, చొక్కా జేబుకి.
ఇళంగో, గడ్డానికి.
మళ్లీ ఇళంగో, కొంచెం పైన.
మళ్లీ ఇళంగో, అక్కడే.
అక్కడే.

ఆదివారం యోబు అందరికన్నా ముందొచ్చాడు.
నేను పిలవలేదు.
బూట్లు విప్పి, కొత్త రంగుకి వీపు ఆనించి,
మడమలతో తలుపుని రెండుసార్లు కొట్టాడు.
పోయినేడు నా చొక్కా మూడో గుండీ.
ఈ ఏడూ మూడో గుండీయే.
జేబులో పెన్సిలు లేదు. తాళంచెవి తీశాను.
"ఎంత, సార్?"
"కదలకు," అన్నాను.
నీలం పొర చిట్లి
సన్నగా చెక్క కనబడింది.